ఉలవచారు: కుక్కర్ తొందర చేయలేని సగం పని

[దృశ్యం: పళ్ళెంలో పరిచిన ఉలవలు. వేళ్ళు రాళ్ళు ఏరుతుంటాయి. బాగా దగ్గరగా.]

కుక్కర్‌లో పెడితే ఉలవచారు గంటలో అయిపోదా? ఉలవలు ఉడుకుతాయి, చారు మాత్రం కాదు. ఈ వంటలో పనులు రెండు. గింజలోని సారం నీళ్ళలోకి దిగడం ఒకటి, ఆ నీళ్ళు మరిగి మరిగి చిక్కబడటం ఇంకొకటి. మొదటిదాన్ని కుక్కర్ తొందర చేస్తుంది. రెండోదానికి మూత లేని గిన్నె, సన్న సెగ, కాస్త ఓపిక కావాలి. ఎక్కడికీ వెళ్ళబుద్ధి కాని చలికాలపు ఆదివారానికి ఇంతకంటే తగిన వంట లేదు. పొయ్యి మీద నాలుగు గంటలున్నా, మన చేతికి పని అరగంటే.

[తెర మీద: నలుగురైదుగురికి. ఉలవలు 250 గ్రాములు, నీళ్ళు రెండున్నర లీటర్లు, చింతపండు నిమ్మకాయంత (సుమారు 30 గ్రాములు)]

పని శనివారం రాత్రే మొదలవుతుంది. ఉలవల్లో రాళ్ళు గింజ రంగులోనే ఉంటాయి కాబట్టి చేటలోనో, తెల్లటి పళ్ళెంలోనో పోసి ఏరండి. మూడు నాలుగు నీళ్ళు మార్చి కడిగి, 10 నుంచి 12 గంటలు నానబెట్టండి. చలికాలంలో చన్నీళ్ళలో నానడం ఆలస్యమవుతుంది, ముఖ్యంగా ఆదిలాబాద్, లంబసింగి వైపు. అందుకని గోరువెచ్చని నీళ్ళు పోయండి. పొద్దున ఒక గింజ కొరికి చూడండి. మధ్యలో పొడిపిండిలా తగిలితే ఇంకో రెండు గంటలు వదిలేయండి. అసలు ఉబ్బని గింజలు కొన్ని కనిపిస్తాయి. వాటిని తీసి పారేయండి, ఎంత ఉడికించినా పంటికింద రాయిలాగే ఉంటాయి.

[దృశ్యం: పక్కపక్కనే రెండు గిన్నెలు. ఒకదానిలో బోరు నీళ్ళు, ఒకదానిలో తాగే నీళ్ళు.]

గంటల తరబడి కాచినా ఉలవలు మెత్తబడటం లేదంటే ముందు నీళ్ళను అనుమానించండి. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి గింజ గోడల్లోని పెక్టిన్‌ అనే జిగురు పదార్థాన్ని పట్టేసి గట్టిగా ఉంచుతాయి. తాగే నీళ్ళే వాడండి. రెండో కారణం పాత ఉలవలు: కొట్లో ఏళ్ళ తరబడి పడున్న గింజ సరిగా ఉడకదు. ఇక మూడోది మన చేతిలోనే ఉంది. చింతపండు ముందే వేయడం. పులుపు తగిలితే గింజ ఇక మెత్తబడనంటుంది. వంటసోడా వేస్తే త్వరగా ఉడుకుతాయన్నది నిజమే, కానీ చారుకు సబ్బు వాసన వస్తుంది. వద్దు.

నానిన నీళ్ళు పారబోసి, మందపాటి స్టీలు గిన్నెలోనో, మట్టికుండలోనో రెండున్నర లీటర్ల కొత్త నీళ్ళతో ఎక్కించండి. అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి వద్దు. తర్వాత పడే చింతపండు పులుపు లోహాన్ని తింటుంది, చారు చిలుమెక్కుతుంది. మొదటి పొంగులో తెల్లటి నురగ వస్తుంది, దాన్ని గరిటతో తీసేయండి. ఆ తర్వాత మంట తగ్గించి, మూత ఓరగా పెట్టి మూడు గంటలు వదిలేయండి. నీళ్ళు గింజలకంటే కిందికి దిగితే వేడినీళ్ళే కలపాలి. చన్నీళ్ళు పోస్తే ఉడుకు ఆగిపోతుంది, మట్టికుండైతే పగలొచ్చు కూడా.

కుక్కరే వాడతామంటే ఐదు లీటర్లది తీసుకుని, లీటరున్నర నీళ్ళు పోయండి. పప్పుధాన్యాలు వండేటప్పుడు కుక్కర్ సగానికి మించి నిండకూడదు, నురగ పొంగి విజిల్ దారి మూసేస్తుంది. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి 45 నిమిషాలు ఉంచండి. విదేశాల్లో ఎలక్ట్రిక్ స్లో కుక్కర్ వాడేవాళ్ళు మాత్రం ముందు ఉలవల్ని పొయ్యి మీద ఒక పావుగంట గట్టిగా తెర్లించి, ఆ తర్వాతే అందులో వేయండి. పచ్చి ఉలవల్లో కడుపును ఇబ్బంది పెట్టే లెక్టిన్ అనే మాంసకృత్తి ఉంటుంది, తక్కువ వేడికి అది పూర్తిగా పోదు.

[దృశ్యం: ఉడికిన గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే పిండైపోతుంది. తర్వాత జల్లెడలోంచి ముదురు గోధుమరంగు నీళ్ళు గిన్నెలోకి.]

గింజ ఇలా నలిగాక వడకట్టండి. కిందికి దిగిన ఈ నీళ్ళే ఉలవకట్టు. సుమారు లీటరు వస్తుంది. ఎద్దులకు దాణాగా ఉలవలు ఉడకబెట్టే ఇళ్ళలో ఈ కట్టుతోనే చారు కాచుకునేవారు. పెళ్ళి విందుల్లోకి అది ఆ తర్వాత వచ్చింది. ఉడికిన ఉలవలు రెండు గుప్పిళ్ళు తీసి మెత్తగా రుబ్బి కట్టులో కలపండి. చిక్కదనం దీనివల్లే రావాలి. కార్న్‌ఫ్లోర్, బియ్యప్పిండి కలిపితే జిగురొస్తుంది కానీ రుచి పలచబడుతుంది.

ఇప్పుడు పోపు. మూడు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, పది మెంతి గింజలు, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, కరివేపాకు. ఒక పెద్ద ఉల్లిపాయ, నాలుగు పచ్చిమిర్చి వేసి మగ్గనివ్వండి. మెంతులు ఎర్రబడగానే ఉల్లిపాయ పడాలి. నల్లబడితే చారంతా చేదే. పసుపు, చెంచాడు కారం వేసి, గ్లాసుడు చింతపండు రసం పోసి ఐదు నిమిషాలు పచ్చివాసన పోయేదాకా ఉడికించి, కట్టు పోసేయండి.

[దృశ్యం: గిన్నెను పైనుంచి చూపించాలి. అంచున ఒకటి రెండు బుడగలు మాత్రమే.]

మంట ఇంతే ఉండాలి. మూత వద్దు, ఆవిరి బయటికి పోవాలి. ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. లీటరుకు పైగా ఉన్నది 600 మిల్లీలీటర్లకు దిగాలి. మొదట్లో పది నిమిషాలకోసారి, చివరి పావుగంటలో రెండు నిమిషాలకోసారి గరిటను అడుగుదాకా దింపి కలపండి. పిండి పదార్థం అడుగున పేరుకుని అంటుకునేది అప్పుడే. అడుగంటిన వాసన వస్తే గీకకండి, కదపకండి. పైచారు మెల్లగా వేరే గిన్నెలోకి వంచుకోండి. ఉప్పు, చిన్న బెల్లం ముక్క ఆఖర్న. ముందే వేస్తే చారు దగ్గరపడేకొద్దీ ఉప్పు రెట్టింపు తెలుస్తుంది. గరిట వెనక వేలితో గీత గీస్తే ఆ గీత పూడకుండా నిలిచినప్పుడు దించేయండి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది.

ఇంతసేపు వంటగదిలో పొయ్యి వెలుగుతుంటే, చలిగా ఉన్నా ఒక కిటికీ తెరిచే ఉంచండి. బొగ్గుల కుంపటి మీద వండేవాళ్ళు దాన్ని ఆరుబయటే పెట్టుకోవాలి. వంటయ్యాక వెచ్చగా ఉంటుందని కుంపటిని పడకగదిలోకి తేవద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

[దృశ్యం: పొగలు కక్కే అన్నం, మధ్యలో గుంట, చారు, పైన వెన్న.]

వేడన్నంలో వెన్నో, మీగడో వేసుకుని కలపండి. పులుపును, ఉలవల వగరును రెండింటినీ ఆ కొవ్వు సర్దుతుంది. మిగిలిన చారు చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులుంటుంది, రెండో రోజు రుచి ఇంకా బాగుంటుంది. కావలసినంతే తీసి వేడిచేయండి.

ఉడికిన ఉలవలు పారేయకండి. మాంసకృత్తులు ఎక్కువభాగం వాటిలోనే మిగిలాయి. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టి, ఉప్పు, పచ్చికొబ్బరి కోరు కలిపితే సాయంత్రానికి గుగ్గిళ్ళు.