పాత స్పీకర్లో ఆ నల్ల బంక ఎక్కడిది? తిన్నర్ జోలికి మాత్రం పోకండి

[బల్ల మీద ఇంకా విప్పని పాత స్పీకర్ బాక్సు]

నమస్కారమండీ. పాత స్పీకర్ల వీడియో పెట్టిన ప్రతిసారీ నాకు ఒకే సలహా వస్తుంది. "అన్నా, ఆ గమ్ము మీద తిన్నర్ పొయ్యి, రెండు నిమిషాల్లో వదిలిపోద్ది." నిజమే, వదిలిపోద్ది. దాంతోపాటు ఇంకేమేం వదులుతాయో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈ వీడియో.

అసలు అది గమ్మే కాదు. వూఫర్, అంటే బేస్ పలికే పెద్ద స్పీకర్, దాని ఫ్రేముకీ చెక్క బాక్సుకీ మధ్య కంపెనీవాళ్ళు ఒక ఫోమ్ రింగు పెడతారు, అదే గాస్కెట్. 40, 50 ఏళ్ళకి ఆ ఫోమే ఇలా బంకైపోయింది. కోన్, అంటే ఊగి శబ్దం పుట్టించే గరాటు లాంటి భాగం, దాని చుట్టూ ఉండే మెత్తటి రింగు వేరు, దాని పేరు సరౌండ్. షాపుల్లో రెండింటినీ ఫోమ్ అనే అంటారు, అక్కడే సగం గందరగోళం. ఈరోజు గాస్కెట్ సంగతి మాత్రమే.

మాది విశాఖ. పక్కనే అనకాపల్లి, కాబట్టి పోలిక కోసం దూరం వెళ్ళక్కర్లేదు. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని డబ్బాలో బెల్లం ఏమవుతుంది? చెమ్మ పీల్చుకుని, అంచులు కారి, అడుగున పాకంలా పేరుకుంటుంది. పాలియురెథేన్ ఫోముల్లో పాలియెస్టర్ రకం ఒకటుంది, దానికీ ఇదే జబ్బు. గాలిలోని తేమ లోపలికి చేరి, దాని పొడవాటి అణువుల గొలుసుల్ని ఎస్టర్ బంధాల దగ్గర తెంపుతుంది. తెగిన చోట ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మిగతా బంధాల్ని ఇంకా తొందరగా తెంపుతుంది. ఒకసారి మొదలైందంటే ఇక ఆగదు. ఏళ్ళ తరబడి అట్టపెట్టెలో దాచుకున్న స్పోర్ట్స్ షూ తొడుక్కుని నాలుగడుగులు వేస్తే సోల్ ముక్కలై రాలుతుంది చూశారూ, అక్కడా చాలాసార్లు ఇదే కథ.

బెల్లానికీ దీనికీ ఒక్క తేడా ఉంది. కారిన బెల్లాన్ని కాచి మళ్ళీ ముద్ద కట్టొచ్చు. దీన్ని ఎండబెట్టినా, ఏం చేసినా మళ్ళీ ఫోమ్ అవదు. తీసెయ్యాల్సిందే. "జిగురుగా ఉందిగా సార్, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది" అని అదే బంక మీద వూఫర్ బిగించి పంపే మెకానిక్కులు ఉన్నారు. వాళ్ళకో దణ్ణం.

ఈ చిన్న రింగుకి ఇంత హడావిడి దేనికంటారా? 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టి ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చారు. బాక్సుని గాలి చొరకుండా మూసేసి, లోపల ఇరుక్కున్న గాలినే కోన్‌కి స్ప్రింగులా వాడుకోవడం విల్చర్ ఆలోచన. దాంతో బీరువా అంత పెట్టె లేకుండానే లోతైన బేస్ వచ్చింది. తర్వాత లెక్కలేనన్ని స్పీకర్లు ఆ దారి పట్టాయి. అలాంటి బాక్సుకి అంచున సందు పడితే స్ప్రింగులో పట్టు పోతుంది. బేస్ పలచబడుతుంది, ఒక్కోసారి సందులోంచి బుసబుస కూడా వినిపిస్తుంది. యాంప్లిఫయర్ పాడైందనుకుని దాన్ని విప్పుతారు పాపం.

ఆగండి, గోకడం మొదలుపెట్టకముందు ఒక పరీక్ష. పాత ఏఆర్ మోడళ్ళలో ఫోమ్ బదులు లప్పం లాంటి ముద్ద పెట్టేవారు. అది పుట్టుకతోనే జిగట. కాస్త తీసి రెండు వేళ్ళ మధ్య లాగి చూడండి. తీగపాకంలా సాగుతూ వేళ్ళని వదలకపోతే అది చచ్చిన ఫోమ్. చలిమిడిలా ముద్దగా వచ్చేస్తే అది లప్పం. ఉండ చేసి కవర్లో దాచుకోండి, మళ్ళీ అదే పెట్టుకోవచ్చు. నేను మొదటిసారి శుభ్రంగా ఉన్న ముద్దని చెత్తబుట్టలో పడేసి, తర్వాత తల పట్టుకున్నాను.

[స్పీకర్‌ని బోర్లించి, రెండు స్టూళ్ళ మీద పెట్టడం]

ఇప్పుడు వూఫర్ బయటికి రావాలి. స్క్రూలన్నీ తీసినా రాదు, బెల్లం పట్టేసింది కదా. అంచున స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపారనుకోండి, చెక్క పెచ్చు లేస్తుంది, రేకు ఫ్రేము వంగుతుంది. ఫ్రేము వంగితే కోన్ వెనకుండే తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, గీసుకుని గరగరమంటుంది. అందుకని ఎదురెదురుగా ఉన్న రెండు స్క్రూల్ని మాత్రం మూడు నాలుగు చుట్లు వదులు చేసి అలాగే ఉంచండి, మిగతావి తీసేయండి. బాక్సుని ఇలా బోర్లించి, కింద దిండు వేసి, హెయిర్ డ్రయ్యర్‌తో అంచు చుట్టూ మెల్లగా వేడి తగిలించండి. బెల్లం వేడికి మెత్తబడుతుంది. మాగ్నెట్ బరువుకి వూఫర్ దానంతటదే కిందికి జారి ఆ రెండు స్క్రూల మీద ఆగుతుంది. టీ తాగి రండి, తొందరేం లేదు.

మాగ్నెట్ అన్నాను కాబట్టి ఇదీ చూడండి. [కాగితం అతుకున్న కోన్ దగ్గరగా] ఈ చిల్లు నా పుణ్యమే. స్క్రూ పైన స్క్రూడ్రైవర్ పెట్టి కాస్త పక్కకి చూశాను. మాగ్నెట్ దాన్ని లాక్కుంది. టప్‌మని ఒక్క చప్పుడు, మొన కోన్‌లో దిగిపోయింది. చేత్తో ఆపే సమయం కూడా ఇవ్వదు. అప్పట్నుంచీ కోన్ మీద అట్టముక్క కప్పకుండా ఇనుప వస్తువు దగ్గరికి తేను.

బంక తీయడానికి కూడా ఇనుము వద్దు. ఐస్‌క్రీమ్ పుల్ల, పనికిరాని ఏటీఎం కార్డు చాలు. పాతగుడ్డని మెలితిప్పి చుట్టకుదురు చేసి, దాని మీద వూఫర్‌ని బోర్లించండి. ఫ్రేము అంచు మాత్రమే ఆనాలి, కోన్ గాల్లో ఉండాలి. ఫ్రేము కిటికీల్లోంచి ఏదీ లోపలికి పడకుండా కాగితం చుట్టి టేపు వేయండి. బాక్సు రంధ్రానికీ పేపరు కప్పండి. లోపల గాజు పీచు లాంటిది ఉంటే దురద మామూలుగా ఉండదు. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, ఈ వేలికి అంటిన బంక ఇంకాసేపట్లో కోన్ మీదికి చేరుతుంది.

ఇప్పుడు అరిసెలు చేసే అమ్మల టెక్నిక్. చలిమిడి చేతికి అంటుతుంటే ఏం చేస్తారు? ఇక్కడ నూనె పనికిరాదు, మన ఆయుధం పొడి. కొంచెం టాల్కమ్ పౌడర్ చల్లండి, జిగట చచ్చి బంక ఉండలు ఉండలుగా దొర్లి వస్తుంది. అలా వచ్చిన ఉండతోనే మిగతాదాన్ని అద్ది లాగండి, బంకే బంకని పట్టుకుంటుంది. ఏసీ గదిలో చేస్తే ఇంకా సులువు. బెల్లం చల్లబడితే గట్టిపడుతుందిగా. ముప్పావు వంతు పని ఇలాగే అయిపోతుంది, ఏ సీసా మూతా తీయక్కర్లేదు.

మిగిలిన మరకకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్. గుడ్డకి అద్ది తుడవాలి, పోయకూడదు. పాత చెక్కకి స్పిరిట్ పాలిష్ వేసి ఉంటే మాత్రం జాగ్రత్త. ఆ పాలిష్ అంటే స్పిరిట్లో కరిగించిన లక్క. ఆల్కహాల్ తగిలితే మళ్ళీ కరుగుతుంది. కనపడని మూల ముందు చూసుకోండి. ఇక మన తిన్నర్ గారు. ప్లాస్టిక్ ఫ్రేముని తినేస్తారు, పాలిష్‌ని లేపేస్తారు, కోన్‌నీ సరౌండ్‌నీ అతికించిన అసలు గమ్మునీ కరిగిస్తారు. గమ్ము వదిలిపోద్ది అన్నారు కదా, ఇదిగో ఈ గమ్ము. ఆల్కహాల్ వాడేటప్పుడు కూడా కిటికీలు తెరవండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

అయ్యో, బ్యాటరీ ఎర్రగా చూపిస్తోంది, గబగబా చెప్పేస్తాను. కొత్త గాస్కెట్‌కి తలుపు సందులకి అతికించే ఫోమ్ టేపు, 3 మిల్లీమీటర్ల మందం సాధారణంగా సరిపోతుంది. కొనేముందు చిన్న ముక్క నీళ్ళలో ముంచి పిండండి. నీళ్ళు కారితే వద్దు, అందులోంచి గాలీ పోతుంది. చివర్లు ఏటవాలుగా కోసి కలపండి. సిలికాన్ వద్దు, వచ్చేసారి విప్పేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. వైర్లు విప్పేముందు ఫోటో తీసుకోమని చెప్పడం మర్చిపోయాను, ప్లస్ మైనస్ తారుమారైతే బేస్ ఇంకా పోతుంది. స్క్రూలు ఎదురెదురుగా, చేత్తోనే. డ్రిల్ మెషిన్ పెడితే పాత చెక్కలో మర పోతుంది.

చివరికి, మూసిన బాక్సైతే కోన్‌ని నాలుగు వేళ్ళతో సమంగా, నెమ్మదిగా లోపలికి నొక్కి వదలండి. నింపాదిగా వెనక్కి వస్తే సరే. టక్కున వచ్చేస్తే ఎక్కడో ఇంకా గాలి పోతోంది. వూఫర్ మళ్ళీ విప్పకండి, ముందు వెనకాల వైర్లు గుచ్చే ప్లేటు తీసి చూడండి. దాని కిందా ఇదే బెల్ల...

[వీడియో ఆగిపోయింది]