పార్సిల్ వచ్చిందండీ

శ్రోతలందరికీ నమస్కారం.

మా పెద్దమ్మది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. కొడుకు కువైట్‌లో పని చేస్తున్నాడు. పోయిన ఎండాకాలం ఓ పూట డెలివరీ కుర్రాడు వాకిట్లో బండి ఆపి, "పార్సిలండీ, 899 ఇవ్వాలండీ" అన్నాడు. పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ పెద్దమ్మవే. కొడుకే ఏదో పంపి ఉంటాడనుకుంది. అడుగుదామంటే వాడు డ్యూటీలో ఫోన్ ఎత్తడు. ఈ కుర్రాడేమో చెమటలు కక్కుతూ, రేవుకెళ్లి పంటు ఎక్కాలని తొందర పడుతున్నాడు. కొబ్బరికాయలు అమ్మిన డబ్బులోంచి తీసి ఇచ్చేసింది.

మూడు చుట్లు చుట్టిన టేపు కత్తిపీటతో కోసి చూస్తే లోపల చిరిగిన పాత చీర, బరువు కోసం దానిలో చుట్టిన ఇటుక ముక్క.

ఆ కుర్రాణ్ణి తిట్టి లాభం లేదండీ. సీలు వేసిన పెట్టె తేవడం, వసూలైన డబ్బు ఆఫీసులో కట్టడం, అంతవరకే అతని పని. పెద్దమ్మ వివరాలు ఆ పార్సిల్ పంపిన మోసగాళ్లకెలా దొరికాయో మాకు అంతు పట్టలేదు. కానీ మనం పారేసే అట్టపెట్టెల మీద చీటీ అలాగే ఉంటుంది కదా, పేరూ నంబరుతో సహా. పెట్టెను కాలవ గట్టున పడేసే ముందు ఆ చీటీ చింపేయండి.

నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ సాయంత్రం జరిగిన సంగతి. పక్కింటి అబ్బాయి సాయం చేద్దామని నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేశాడు. అవతలివాడు ఎంత మర్యాదగా మాట్లాడాడో! "అమ్మగారూ, మీ డబ్బు ఇప్పుడే వెనక్కి వేస్తాం, ఈ యాప్ వేసుకోండి, పిన్ కొట్టండి" అన్నాడు. నేను సమయానికి అక్కడ ఉండబట్టి ఫోన్ లాక్కుని కట్ చేశాను. యూపీఐ పిన్ కొడితే డబ్బు మన ఖాతాలోంచి పోవడమే గానీ రావడం ఉండదు. 899 పోయిందన్న టెన్షన్‌లో ఉన్న మనిషి ఖాతా మొత్తం పోగొట్టుకునేది అక్కడేనండీ. కస్టమర్ కేర్ నంబరు ఆ కంపెనీ యాప్‌లోనే చూసుకోవాలి.

ఖాతాలోంచి డబ్బు పోతే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వస్తువు మారినా, పార్సిల్ చేతికి రాకుండానే ఫోన్‌లో 'డెలివర్డ్' అని చూపించినా ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కదలిక లేకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. వస్తువుకు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఆర్డర్ పెట్టిన పార్సిలైనా చీటీ కనిపించేలా, టేపు కోసే దగ్గర్నుంచి వీడియో తీయించండి. డెలివరీ కుర్రాడు అడిగే ఓటీపీ మాత్రం పెట్టె చేతికొచ్చాకే చెప్పండి.

పెద్దమ్మకు డబ్బు ఇంకా రాలేదు. ఫిర్యాదు నంబరు గోడ మీది కాలెండర్‌లో రాయించుకుంది. ఆ ఇటుక ముక్కను కూడా ఎవర్నీ పారేయనివ్వడం లేదు, "అడిగితే చూపించాలి కదరా" అంటుంది.

సెలవండీ.