44 మీటర్ల తాడుతో ఎంత స్థలం చుట్టొచ్చు?

[స్క్రీన్: ఖాళీ నేల. పక్కన చుట్టగా ఉన్న తాడు. దాని మీద "44 మీ."]

మీ చేతిలో 44 మీటర్ల తాడు ఉంది. దాన్ని చదునైన నేల మీద పరిచి, రెండు కొసలూ కలపాలి. లోపల వీలైనంత ఎక్కువ స్థలం రావాలి. ఏ ఆకారంలో పరుస్తారు?

తాడు అదే కదా, ఎలా పరిచినా లోపల అంతే వస్తుందిలే అని చాలామంది అనుకుంటారు. పరిచి చూద్దాం.

[తాడు సన్నని దీర్ఘచతురస్రం అవుతుంది: 21 × 1]

పొడవు 21, వెడల్పు 1. చుట్టుకొలత సరిగ్గా 44. లోపలి వైశాల్యం 21 చదరపు మీటర్లే! పొడవు తగ్గించి 16, 6 పెడితే 96. 12, 10 పెడితే 120. 11, 11 పెడితే 121. అక్కడితో సరి, ఇక పెరగదు.

ఎందుకో చూడండి. పొడవు, వెడల్పు కలిపితే ఎప్పుడూ 22. ఒకటి 11 కన్నా ఎంత పెరిగితే రెండోది అంతే తగ్గాలి. ఆ తేడా 5 అయితే 121 లోంచి 5 వర్గం, అంటే 25 పోతుంది. తేడా 10 అయితే ఏకంగా 100 పోతుంది. తేడా సున్నా అయితే ఏమీ పోదు. కాబట్టి దీర్ఘచతురస్రాల్లో చతురస్రమే గెలుస్తుంది.

[చతురస్రం మూలలు కరిగి, తాడు గుండ్రంగా అవుతుంది]

ఇప్పుడు వృత్తం. ఏ వృత్తంలోనైనా పరిధిని వ్యాసంతో భాగిస్తే ఒకటే సంఖ్య వస్తుంది, అదే పై. ఇక్కడ పరిధి మనకు తెలుసు, 44. పై విలువ 22/7 అనుకుంటే వ్యాసం 14, వ్యాసార్థం 7. వైశాల్యం పై × 7 × 7, అంటే 154. అదే తాడు, చతురస్రం కన్నా 33 చదరపు మీటర్లు ఎక్కువ!

సూత్రం అందరికీ నోటికి వచ్చు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం క్లాసులో హడావిడిగా దాటేస్తారు. మనం కాసేపు ఇక్కడ ఆగుదాం.

[కాగితపు వృత్తం. మధ్య నుంచి అంచు దాకా 16 సమాన ముక్కలుగా తెగుతుంది]

ముక్కలన్నిటినీ ఒకటి తిన్నగా, ఒకటి తలకిందులుగా పక్కపక్కనే పేర్చండి. పైనా కిందా అలలు అలలుగా ఉంటుంది, పక్క గీతలు కాస్త వాలుగా ఉంటాయి. 16 బదులు 64 ముక్కలు చేస్తే అలలు దాదాపు మాయమవుతాయి. ఇంకా సన్నగా కోస్తూ పోతే అది దీర్ఘచతురస్రానికి ఎంత దగ్గరగా కావాలంటే అంత దగ్గరగా వస్తుంది. దాని ఎత్తు వ్యాసార్థం. పొడవు పరిధిలో సగం, ఎందుకంటే వంపు అంచుల్లో సగం పైకి, సగం కిందికి వెళ్లాయి. అంటే వైశాల్యం 22 × 7. మళ్లీ 154.

[స్క్రీన్: వైశాల్యం = చుట్టుకొలతలో సగం × మధ్య నుంచి అంచుకి దూరం]

ఇది వృత్తానికే కాదు, భుజాలన్నీ, కోణాలన్నీ సమానంగా ఉన్న ఏ బహుభుజికైనా పనిచేస్తుంది. దూరం మాత్రం మూలకి కాదు, భుజం మధ్యకి కొలవాలి. చతురస్రంలో ఆ దూరం 5.5, కాబట్టి 22 × 5.5 = 121. సమబాహు త్రిభుజంలో దాదాపు 4.23, వైశాల్యం 93 చిల్లర. షడ్భుజిలో దాదాపు 6.35, వైశాల్యం 139.7. తాడు మారలేదు కాబట్టి 22 మారదు, మారేది ఆ దూరమే. భుజాలు పెరిగేకొద్దీ అది 7కి దగ్గరవుతుంది.

మరి వంకరటింకర ఆకారాల సంగతి? అక్కడా వృత్తానిదే గెలుపు, కానీ నిరూపణ అంత సులువు కాదు. 19వ శతాబ్దంలో యాకోబ్ స్టైనర్ అనే గణితవేత్త అద్భుతమైన వాదనలు చేశాడు. అయితే "అన్నిటికన్నా పెద్ద ఆకారం అంటూ ఒకటి ఉంది" అని నిరూపించకుండా ముందే అనుకున్నాడు. ఆ లోటును తర్వాత వయర్‌స్ట్రాస్ అనే మరో గణితవేత్త పూడ్చాడు.

[స్క్రీన్: 22/7]

22/7 గురించి ఒక్క మాట. అది పై కాదు, పైకి దగ్గరి భిన్నం. ఆర్కిమిడీస్ 96 భుజాల బహుభుజులతో లెక్కవేసి, పై 223/71 కన్నా ఎక్కువ, 22/7 కన్నా తక్కువ అని తేల్చాడు. ఆర్యభటుడు 20,000 వ్యాసానికి పరిధి 62,832 అన్నాడు, అంటే 3.1416. అది కూడా దగ్గరి విలువే అని ఆయనే చెప్పాడు. ఏ భిన్నమూ పైకి సరిగ్గా సరిపోదని 1761లో లాంబర్ట్ అనే గణితవేత్త నిరూపించాడు. మన 44 మీటర్ల తాడుకి 22/7తో టెన్షన్ లేదు, అసలు వైశాల్యం 154.06. అదే కిలోమీటరు వ్యాసమున్న వృత్తమైతే పరిధిలో 1.26 మీటర్ల తేడా వస్తుంది.

[పొడవైన తిన్నటి గోడ. తాడు దానికి ఆనుకుంటుంది]

ఇప్పుడు షరతు మారుద్దాం. ఒక పక్క గోడ ఉంది, అటువైపు తాడు అక్కర్లేదు. 22 పొడవు, 11 వెడల్పు పెడితే 242 వస్తుంది. ఇంకా పెంచాలంటే గోడని అద్దం అనుకోండి. అద్దంలోని తాడుతో కలిపితే చుట్టుకొలత 88 అవుతుంది. అంత తాడుకి పెద్ద ఆకారం వృత్తమే, వ్యాసార్థం 14, వైశాల్యం 616. అందులో సగమే మనది. కాబట్టి గోడ పక్కన అర్ధవృత్తం పరిస్తే 308.

[రెండో గోడ వచ్చి లంబకోణంలో నిలుస్తుంది]

రెండు గోడలు కలిసే మూల దొరికితే? ఇప్పుడు అద్దాలు రెండు, తాడు నాలుగింతలు, 176 మీటర్లు. వృత్తం వ్యాసార్థం 28, వైశాల్యం 2464. అందులో పావు వంతు మనది: 616 చదరపు మీటర్లు.