డిక్కీలో బాంబు

హోస్ట్: నమస్తే. ఈ వారం సినిమాల్లో మొదటి సీన్ల గురించి. ఎడిటింగ్ చేసే అన్న మనతో ఉన్నారు. అన్నా, నేను థియేటర్‌కి ఎప్పుడూ పది నిమిషాలు లేటే. ఏమైనా పోగొట్టుకుంటున్నానా?

గెస్ట్: కొన్ని సినిమాలకి పొగాకు హెచ్చరిక, థాంక్స్ కార్డులు తప్ప ఏమీ పోవు తమ్ముడూ! (నవ్వు) కానీ 1958లో ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్'కి నాలుగు నిమిషాలు ఆలస్యమైనా కొంప మునిగినట్టే. మొదటి షాట్‌లో రెండు చేతులు, ఒక టైం బాంబు. టైమర్ మూడు నిమిషాల చిల్లరకి తిప్పి, కారు డిక్కీలో పెట్టి ఒకడు పారిపోతాడు. ఓ పెద్దమనిషి, ఓ అమ్మాయి వచ్చి అదే కారెక్కుతారు.

హోస్ట్: పాపం, వాళ్ళకి తెలీదు.

గెస్ట్: మనకి తెలుసు. కిటుకంతా అదే. ఇక కట్ లేదు, అంటే షాట్ ఎక్కడా తెగదు. అమెరికా, మెక్సికో సరిహద్దు ఊరు. కెమెరా క్రేన్ మీద ఇళ్ళ పైకి లేచి, మళ్ళీ వీధిలోకి దిగుతుంది. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి నడుస్తూ వస్తుంది. కారు వాళ్ళని దాటుతుంది, ఆగుతుంది, మళ్ళీ వాళ్ళ పక్కకే చేరుతుంది. మధ్యలో మేకలు అడ్డం!

హోస్ట్: మేకలు కావాలనే పెట్టారంటారా?

గెస్ట్: అర్ధరాత్రి రోడ్డు మీదికి మేకలు ఊరికే వస్తాయా? చెక్‌పోస్ట్ దగ్గర కారులో అమ్మాయి, తలలో ఏదో టిక్ టిక్‌మంటోందని చెప్తుంది. ఎవరూ పట్టించుకోరు. కారు ముందుకెళ్ళిపోతుంది. జంట ముద్దు పెట్టుకుంటుంటే ఢాం! అప్పుడు పడుతుంది మొదటి కట్. కట్ పడితే ప్రేక్షకుడు ఊపిరి తీసుకుంటాడు. పడకపోతే తెర మీద నిమిషం, నీ వాచీలో నిమిషం ఒకటే.

హోస్ట్: అంత పొడుగు షాట్‌లో ఎవరైనా తడబడితే?

గెస్ట్: తడబడ్డారు. చెక్‌పోస్ట్ అధికారి వేషం వేసినాయన డైలాగ్ మళ్ళీ మళ్ళీ తప్పాడని హీరో చార్ల్‌టన్ హెస్టన్ చెప్పాడు. అవతల తెల్లారిపోతోంది. పెదాలు కదిపితే చాలు, మాట తర్వాత డబ్బింగ్‌లో చూసుకుందాం అన్నాడట వెల్స్.

హోస్ట్: మరి మన 'బాహుబలి'?

గెస్ట్: 2015లో వచ్చిన మొదటి భాగమేగా? అది వేరే దారి. వీపులో బాణం, చేతిలో పసిబిడ్డ, వెనక జలపాతం. ఆవిడెవరో, ఎవరు తరుముతున్నారో రాజమౌళి చెప్పడు. వెల్స్ చెప్పేసి భయపెడితే, ఈయన దాచిపెట్టి కూర్చోబెట్టాడు. అయితే ఆ పిల్లాడు పెద్దవాడై జలపాతం ఎక్కుతుంటే, పైన పెద్ద కథే ఉందని వాడికంటే ముందు మనకి తెలుసు. మళ్ళీ డిక్కీలో బాంబే కదా!

హోస్ట్: నాకైతే నీళ్ళలో బిడ్డని ఎత్తిపట్టిన ఆ చెయ్యి, దాంతోపాటు కీరవాణి మ్యూజిక్ గుర్తొస్తాయి.

గెస్ట్: వెల్స్‌కి దెబ్బ తగిలింది మ్యూజిక్ దగ్గరే. స్టూడియోవాళ్ళు ఆ షాట్ మీద టైటిల్స్ వేసి, సంగీత దర్శకుడు హెన్రీ మాన్సినీ ట్యూన్ పరిచేశారు. ట్యూన్ బాగుంటుంది, కాదనను. కానీ పేర్లు చదువుతూ బాంబు సంగతి సగం మర్చిపోతాం. సినిమాలో ఏమేం మార్చాలో వెల్స్ 58 పేజీలు రాసిచ్చాడు. అవి పట్టుకుని 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ మళ్ళీ ఎడిట్ చేశాడు. టైటిల్స్ తీసేశాడు. క్లబ్బుల్లోంచి, కారు రేడియోలోంచి వచ్చే పాటలే ఉంచాడు. ముందు పాతది చూసి, తర్వాత ఇది చూడు.

హోస్ట్: సౌండ్ పెంచుకునా?

గెస్ట్: హెడ్‌ఫోన్స్ పెట్టుకో. కారు రేడియో పాట గట్టిగా వినిపించినప్పుడల్లా బాంబు దగ్గరికొచ్చినట్టే.