పేరు చికిత్స, పని జైలు

వేదిక మీది పెద్దలకు, యువ న్యాయవాదులకు నమస్కారం. నిర్వాహకులు ఇచ్చిన అంశం ముందస్తు నిర్బంధం. అది పెద్దది. అందులో నేను ఒక్క ముక్కే పట్టుకుంటాను: శిక్ష పూర్తిచేసిన లైంగిక నేరస్థుణ్ని అమెరికాలో చికిత్స పేరిట మళ్లీ లోపలే ఉంచడం.

1990లో వాషింగ్టన్ రాష్ట్రం ఇలాంటి చట్టం తెచ్చింది. 1994లో కాన్సస్ తెచ్చింది. పిల్లలపై పదేపదే అఘాయిత్యాలు చేసిన లెరాయ్ హెండ్రిక్స్ శిక్ష ముగియబోతుండగా అతనిపై ఈ చట్టం ప్రయోగించారు. ఒకే నేరానికి రెండు శిక్షలా అని అడిగాడు. 1997లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఇది సివిల్ చర్యే, శిక్ష కాదంది. విభేదించిన నలుగురి తరఫున జస్టిస్ బ్రేయర్ పట్టుకున్న లోపం చూడండి: చికిత్సే లక్ష్యమైతే, జైల్లో ఉన్నన్నాళ్లూ అది ఎందుకు మొదలుపెట్టలేదు?

2002లో కాన్సస్‌దే మరో కేసులో, క్రేన్ అనే వ్యక్తి కేసులో, అదే కోర్టు ఇంకో మెట్టు చేర్చింది. తనను తాను అదుపు చేసుకోవడం ఆ మనిషికి చాలా కష్టమని ప్రభుత్వం చూపాలి. లేకుంటే మామూలు నేరస్థుడికీ ఇతనికీ తేడా ఉండదు.

లోపలికి పంపడానికి ఇన్ని మెట్లున్నాయి సరే, బయటికి దారేదీ? నా బాధంతా అదే. మిన్నెసోటాలో మూస్ లేక్, సెయింట్ పీటర్ కేంద్రాల్లో 700 మందికి పైగా ఉన్నారు. 1994లో మొదలైన ఆ కార్యక్రమం నుంచి 2015 దాకా పూర్తిగా విడుదలైనవాడు ఒక్కడూ లేడు. ప్రమాదం తగ్గిందేమో ఎప్పటికప్పుడు చూడాల్సిన బాధ్యత చట్టం ప్రభుత్వంపై పెట్టలేదు. లోపలున్నవాడే అర్జీ పెట్టుకోవాలి, ముందు సమీక్షా మండలికి, ఆపైన అప్పీలు ప్యానెల్‌కి. అడగనివాడి ఫైలు కదలదు. అయ్యా, వినండి, ఒక్కడూ లేడు! 2015లో ఫెడరల్ జడ్జి డొనోవన్ ఫ్రాంక్ ఇది రాజ్యాంగ విరుద్ధమన్నారు. 2017లో ఎనిమిదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

బాధితుల భయం అబద్ధమని నేననను. మన తెలంగాణ పీడీ యాక్ట్‌, అంటే ముందస్తు నిర్బంధ చట్టం, పరిధిలోనూ లైంగిక నేరస్థులున్నారు. అక్కడ విచారణ లేదు, వకీలుకు హక్కు లేదు, కానీ 12 నెలల పరిమితి ఉంది, కేసును మూడు వారాల్లో సలహా మండలికి పంపాలి.

శిక్ష ముగిశాక కూడా ఇలాగే లోపల ఉంచుతున్న జర్మనీని 2009లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు తప్పుపట్టింది. 2011లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చికిత్స జైల్లోనే మొదలుపెట్టాలంది, వసతి జైలుకు భిన్నంగా ఉండాలంది, ఏటా కోర్టు సమీక్షించాలంది.

ఇలాంటి ముసాయిదా మీ చేతికొస్తే ముందు విడుదల సెక్షన్ తెరవండి. సమీక్ష ఎన్ని నెలలకు, ఎవరు కదపాలి, రుజువు భారం ఎవరిది, ఇవి రాసి లేకపోతే వెనక్కి పంపండి.