తలుపుకి ఇవతలి భయం

అందరికీ నమస్కారం.

హారర్ గురించి ప్రసంగం కదా అని ఇందాక నిర్వాహకులు హాల్లో లైట్లు తగ్గించబోయారు. నేనే వద్దన్నాను. చీకట్లో భయపెట్టడం పెద్ద పనేం కాదు. ఈ పూట మనం భయం ఎలా తయారవుతుందో విప్పి చూడాలి, దానికి కాస్త వెలుతురు కావాలి.

నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. పాడ్‌కాస్ట్ కోసం నేను రాసిన తొలి హారర్ ఎపిసోడ్. హోటల్ గది, అర్ధరాత్రి, గోడ అవతలి నుంచి ఎవరో తడుతున్న చప్పుడు. ఆ గోడ అవతల గదే లేదు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఏం చేశానంటే, ఆ గోడ పగలగొట్టించి, దయ్యాన్ని బయటికి రప్పించి, దాని చేత రెండు పేజీల డైలాగు చెప్పించాను. ఎవరు చంపారు, ఎందుకు చంపారు, ఇప్పుడు దానికేం కావాలి, అన్నీ. వెనకాల గాలి, కుక్కల ఏడుపు, వయొలిన్లు. ఎపిసోడ్ విన్న మిత్రుడు ఒక్క మాటన్నాడు: "దయ్యం నోరు తెరిచేదాకా భయమేసిందిరా."

ఆ మాట చాలాకాలం బుర్రలో తిరిగింది. అప్పట్నుంచీ ఏ హారర్ నాటకం చూసినా, విన్నా నన్ను నేను ఒకటే అడుక్కుంటాను. దయ్యం సంగతి తర్వాత, ముందు వినేవాణ్ణి ఎక్కడ నిలబెట్టారు?

క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో ప్రదర్శించిన ఎస్కిలస్ నాటకం 'అగమెమ్నాన్' చూడండి. యుద్ధం గెలిచి ఇంటికొచ్చిన రాజుని భార్య క్లైటెమ్నెస్ట్రా స్నానం దగ్గర చంపేస్తుంది. హత్య మనకు చూపించరు. మూసిన తలుపుల వెనక నుంచి, నన్ను పొడిచేశారంటూ రాజు కేక వినబడుతుంది. వెంటనే రెండో కేక. బయట నిలబడి ఉన్నది కోరస్, అంటే ఆ ఊరి పెద్దలు. పరిగెత్తుకుని లోపలికి వెళ్లారా? లేదు. ఏం చేద్దామని చర్చ పెట్టుకుంటారు. తలా రెండు పాదాలు. జనాన్ని కేకేద్దామని ఒకరు, లోపలికి దూకుదామని ఒకరు, అరుపు వినబడినంత మాత్రాన చచ్చాడని ఎలా అనుకుంటామని ఇంకొకరు. పుస్తకంలో చదువుతుంటే నవ్వొస్తుంది. స్టేజి ముందు కూర్చుంటే నవ్వు రాదు, ఎందుకంటే మనమూ అదే పని చేస్తున్నాం. కేక మనకీ వినబడింది, మనమూ కుర్చీలోంచి లేవలేదు.

షేక్‌స్పియర్ కూడా 'మాక్‌బెత్'లో రాజు డంకన్ హత్యని తెర వెనకే జరిపించాడు. హత్య అయ్యాక కోట తలుపు మీద ఎవరో దబదబా బాదుతారు. ఆ చప్పుడు దగ్గర తనకెందుకంత గగుర్పాటు కలుగుతుందో చిన్నప్పట్నుంచీ అంతుబట్టక, ఇంగ్లీషు రచయిత థామస్ డి క్విన్సీ 1823లో దాని మీద ఏకంగా ఒక వ్యాసం రాశాడు. ఆయన తేల్చింది ఇది: హత్య జరుగుతున్నంతసేపూ మనం మామూలు లోకం నుంచి తెగిపోయి ఉంటాం, తలుపు చప్పుడుతో ఆ లోకం తిరిగొస్తుంది, అప్పుడు గానీ మనం ఎంత దూరం వెళ్లిపోయామో తెలియదు. నాటకంలో సౌండ్ ఎఫెక్ట్ చేసే పని గురించి ఇంతకంటే బాగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో నడిచింది పారిస్‌లోని గ్రాండ్ గిన్యోల్. 1897లో ఆస్కార్ మెతెనియె మొదలుపెట్టిన చిన్న థియేటర్, అంతకుముందు అదొక ప్రార్థనా మందిరం. సీట్లు మూడొందల లోపే. అక్కడ అన్నీ కళ్లముందే: కళ్లు పీకడం, గొంతు కోయడం, యాసిడ్ పోయడం. కార్మైన్ రంగు, గ్లిజరిన్ కలిపి రక్తం తయారుచేసేవాళ్లు. ఒక భయంకరమైన నాటిక, వెంటనే ఒక ప్రహసనం, మళ్లీ భయంకరమైనది, ఇలా వేడినీళ్లూ చన్నీళ్లూ మార్చి మార్చి పోసినట్టు ప్రదర్శన నడిపేవాళ్లు. ఈ అమరిక నాకు చాలా ఇష్టం. నవ్వినప్పుడు బిగువు సడలుతుంది, సడలినవాణ్ణి కొట్టడం తేలిక. 1962లో ఆ థియేటర్ మూతపడింది. రెండో ప్రపంచయుద్ధంలో నిజంగా జరిగినవి బయటపడ్డాక స్టేజి మీద జరిగేవి జనానికి ఆనలేదని దాని చివరి డైరెక్టరే చెప్పుకున్నాడు.

ఆ థియేటర్‌కి ఎక్కువ నాటికలు రాసిన ఆంద్రె ద లోర్డ్, షార్ల్ ఫోలేతో కలిసి రాసిన నాటిక ఒకటుంది. పేరు 'టెలిఫోన్‌లో', 1901లో పారిస్‌లో ఆడింది. అందులో హత్య కనబడదు. ఊరికి దూరంగా ఉన్న ఇంట్లో భార్యాబిడ్డల్ని వదిలి భర్త వేరేచోటికి వెళ్తాడు. రాత్రి మిత్రుల ఇంట్లో ఉండగా భార్య ఫోన్ చేస్తుంది, బయట ఎవరో ఉన్నారని. అతను ధైర్యం చెబుతాడు. తర్వాత అవతల ఏం జరుగుతోందో అతనికి రిసీవర్‌లో వినబడుతూనే ఉంటుంది. మనకి ఆ చప్పుళ్లు కూడా సరిగ్గా అందవు. ఫోన్ పట్టుకున్న మనిషి మొహం మాత్రం చూస్తాం. అంతే నాటిక.

ఎస్కిలస్ కోరస్‌కి కనీసం తలుపు తోసే వీలుంది. టెలిఫోన్ వచ్చాక ఆ వీలు కూడా పోయింది. చెవి అక్కడుంది, మనిషి ఇక్కడున్నాడు. మరో ఇరవై ఏళ్లు గడిచేసరికి ఇదే ఏర్పాటు రేడియో పేరుతో ఇంటింటికీ వచ్చేసింది.

రేడియో కోసమే రాసిన తొలి నాటకాల్లో ఒకటి, రిచర్డ్ హ్యూస్ రాసిన 'డేంజర్'. 1924 జనవరి 15న బీబీసీలో ప్రసారమైంది. రేడియోలో ఏమీ కనబడదు కదా, దాన్ని ఎలా దాటాలి అని అందరూ తల పట్టుకుంటున్న రోజులవి. హ్యూస్ దాన్ని దాటే ప్రయత్నమే చేయలేదు. కథని బొగ్గుగనిలో పెట్టి, మొదటి మాటతోనే దీపాలు ఆర్పేశాడు. పాత్రలకీ ఏమీ కనబడదు, వినేవాడికీ కనబడదు. అందరూ ఒకే చీకట్లో ఉన్నారు. ఇంట్లో లైట్లు ఆర్పుకుని వినమని శ్రోతలకి ముందే చెప్పారు కూడా.

ఆ తర్వాత పదేళ్లకి అమెరికాలో, షికాగోలో, విల్లిస్ కూపర్ 'లైట్స్ అవుట్' అనే కార్యక్రమం మొదలుపెట్టాడు. 1934లో. అర్ధరాత్రి ప్రసారం. 1936 నుంచి ఆర్చ్ ఒబోలర్ చేతికొచ్చింది. సౌండ్ ఎఫెక్ట్స్ చేసేవాళ్లకి ఇది కాశీయాత్ర లాంటిది. తల నరకాలంటే క్యాబేజీ నరికేవాళ్లు. కరెంటు కుర్చీలో మనిషి కాలాలంటే పెనం మీద పంది మాంసం వేయించేవాళ్లు. మనిషి లోపలి భాగం బయటికి తిరగబడే ఒక కథ ఉంది, దానికి తడిసిన రబ్బరు గ్లవుని మైకు దగ్గర తిరగేశారు. వినడానికి జుగుప్సగా ఉందా? స్టూడియోలో నిలబడి చూస్తే నవ్వాగదు. క్యాబేజీ క్యాబేజీలాగే ఉంటుంది. తల తెగిపడేది వినేవాడి బుర్రలో, వాడు ఊహించిన మెడ మీంచి. గ్రాండ్ గిన్యోల్‌లో రక్తం ఖర్చు థియేటర్‌ది, ఇక్కడ ఖర్చంతా శ్రోతదే.

అయితే వీటన్నిటికంటే నాకు నచ్చిన సౌండ్ ఎఫెక్ట్‌లో సౌండే లేదు. 1938 అక్టోబర్ 30 రాత్రి, ఆర్సన్ వెల్స్ 'వార్ ఆఫ్ ది వరల్డ్స్', మార్షియన్లు, అంటే అంగారకుడి మీంచి వచ్చినవాళ్లు, దాడి చేస్తున్నట్టు వార్తల రూపంలో నడిచే రేడియో నాటకం. అది నిజమనుకుని దేశమంతా భయంతో రోడ్ల మీదికి పరిగెత్తిందని చాలామంది చెబుతుంటారు. ఆ కథ ఎక్కువగా పేపర్లు ఊదింది. ఆ రాత్రి చేసిన ఫోన్ సర్వేలో ఆ కార్యక్రమం వింటున్నామన్నవాళ్లు 2 శాతమే. ఆ గొడవ పక్కనపెట్టి నాటకం వినండి. పొలంలో దిగిన వింత వస్తువు దగ్గర రిపోర్టరు నిలబడి చూసింది చూసినట్టు చెబుతున్నాడు. ఆ పాత్ర వేసిన ఫ్రాంక్ రీడిక్, అంతకు ముందు ఏడాది హిండెన్‌బర్గ్ అనే గ్యాస్ నింపిన ఎయిర్‌షిప్ తగలబడుతుంటే హెర్బర్ట్ మారిసన్ ఏడుస్తూ చేసిన వ్యాఖ్యానం రికార్డు తెప్పించుకుని మళ్లీ మళ్లీ విన్నాడు. మంట తనవైపు వస్తోందంటాడు, ఇంకో మాట అనబోతాడు. మైకు పడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

రేడియోలో నిశ్శబ్దం అంటే స్టేషన్ వాళ్లకి ప్రాణం పోయినంత పని. మూడు సెకన్లు దాటితే ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. వెల్స్ ఆ నిశ్శబ్దాన్ని లాగి పట్టుకున్నాడు. అప్పటిదాకా శ్రోతకి కళ్లుగా ఉన్న మనిషి ఒక్కసారిగా లేడు. శ్రోత ఒంటరివాడయ్యాడు. మార్షియన్ల గురించి ఎంత వర్ణన రాసినా ఆ కొన్ని సెకన్లకి సాటి రాదు.

1943 మే 25న 'సస్పెన్స్' కార్యక్రమంలో లూసిల్ ఫ్లెచర్ రాసిన 'సారీ, రాంగ్ నంబర్' వచ్చింది. యాగ్నెస్ మూర్‌హెడ్ నటించింది. మంచం దిగలేని ఒకామె ఫోన్ చేస్తే లైను కలగాపులగమై, ఇద్దరు మగాళ్లు ఒక హత్యకి పథకం వేసుకోవడం వినబడుతుంది. ఆపరేటర్‌కి చెబుతుంది, పోలీసులకి చెబుతుంది. ఆమె గొంతులో విసుగు, పెత్తనం, అందరికీ చిరాకు తెప్పించేలా మాట్లాడుతుంది, ఎవరూ పట్టించుకోరు. చంపబోయేది తననేనని ఆమెకి మెల్లగా అర్థమవుతుంది. ఫోనుకి ఇవతల ఉన్న భర్త పక్కన మనల్ని నిలబెట్టాడు ద లోర్డ్. ఫ్లెచర్ మనల్ని అవతలి వైపుకి, ఆ మంచం మీదికి తీసుకెళ్లింది. వస్తువు అదే, రిసీవర్. కూర్చునే చోటు మారితే భయం రుచే మారిపోయింది.

రేడియో నేర్పిన పాఠాన్ని స్టేజి మళ్లీ తిరిగి తీసుకుంది. 1987లో ఇంగ్లండ్‌లోని స్కార్‌బరోలో స్టీఫెన్ మల్లాట్రాట్ 'ది వుమన్ ఇన్ బ్లాక్' నవలని తక్కువ బడ్జెట్‌లో నాటకంగా మలిచాడు. ఇద్దరు నటులు, ఒక పెద్ద బుట్ట, కాస్త పొగమంచు, కొన్ని రికార్డు చేసిన శబ్దాలు. బురదనేలలో గుర్రబ్బండి మునిగిపోయే దృశ్యం ఉంది. బండీ ఉండదు, గుర్రమూ ఉండదు. మంచులోంచి చక్రాల చప్పుడు, గుర్రం సకిలింపు, ఒక పిల్లాడి అరుపు. లండన్‌లో ఇది 1989లో మొదలై 2023 దాకా, 13,000 పైగా ప్రదర్శనలు ఆడింది.

ఇక పాడ్‌కాస్ట్. రేడియో గదిలో ఒక మూల ఉండేది, ఇంటిల్లిపాదీ వినేవాళ్లు. ఇయర్‌ఫోన్ చెవిలోకి దూరింది. ఒక్కడే వింటాడు, గొంతు తల లోపలే పలుకుతుంది. మైకుకి బాగా దగ్గరగా గుసగుసలాడితే గొంతులో కింది స్వరాలు బలపడతాయి, ఎవరో మన భుజం మీదికి వంగినట్టుంటుంది. మామూలుగా అంత దగ్గరికి ఎవర్ని రానిస్తాం? దీంతోపాటు బైనారల్ రికార్డింగు వచ్చింది. మనిషి తలలాంటి బొమ్మ చెవుల్లో మైకులు పెట్టి రికార్డు చేస్తారు. ఒక పక్కనుంచి వచ్చే శబ్దం రెండో చెవికి చేరేసరికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. ఆ కాస్త తేడాతోనే మెదడు దిక్కు పట్టేస్తుంది. డార్క్‌ఫీల్డ్ అనే బృందం ప్రేక్షకుల్ని షిప్పింగ్ కంటైనర్లో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ ఇచ్చి, లైట్లన్నీ ఆర్పేసి ఇదే పని చేస్తుంది. అది థియేటరో రేడియోనో వాళ్లే చెప్పాలి.

ఇక్కడ ఒక ఫిర్యాదు. దగ్గరితనం దొరికింది కదా అని చాలామంది ఒక్కసారిగా చెవుల్లో గట్టిగా అరిపిస్తున్నారు. కేకకి ఆ శక్తి ఉంది, నిజమే. మామూలు మాటలో శబ్దం సెకనుకి నాలుగైదు సార్లు హెచ్చి తగ్గితే, కేకలో 30 నుంచి 150 సార్లు. మెదడు దాన్ని నేరుగా ప్రమాదంగానే తీసుకుంటుంది. కానీ అది ఉలికిపాటు. పేపరు సంచి ఊది పగలగొట్టినా ఉలిక్కిపడతాం. పైగా శ్రోత వెంటనే వాల్యూమ్ తగ్గించేస్తాడు, ఇక మీ గుసగుసలు గాలికిపోతాయి.

పాడ్‌కాస్ట్ హారర్‌లో ఇప్పుడు బాగా పాతుకుపోయిన పద్ధతి, దొరికిన టేపు. 2016 నుంచి 2021 దాకా 200 ఎపిసోడ్లు నడిచిన 'ది మాగ్నస్ ఆర్కైవ్స్' దీనికి మంచి ఉదాహరణ. ఒక సంస్థలో పనిచేసే మనిషి, జనం ఇచ్చిన వాంగ్మూలాల్ని టేపు రికార్డర్‌లోకి చదువుతుంటాడు. ఆఫీసు పని, పొడి గొంతు. మొదట అతను చదువుతున్నదాన్ని విని భయపడతాం. కొన్నాళ్లకి చదువుతున్నవాడి గురించి భయపడటం మొదలవుతుంది. ఈ పద్ధతి ఎంచుకునేవాళ్లకి ఒక్క హెచ్చరిక: ఎవరు రికార్డు చేస్తున్నారు, ఎందుకు, అనేదానికి జవాబు ముందే రాసిపెట్టుకోండి. ప్రాణం మీదికొచ్చినవాడు రికార్డర్ పట్టుకుని ఉన్నాడంటే శ్రోత నమ్మడు.

నా హోటల్ కథకి తిరిగొస్తాను. మూడేళ్ల తర్వాత దాన్ని మళ్లీ రాశాను. ఈసారి గదిలోకి వెళ్లలేదు. కింద రిసెప్షన్‌లో, నైట్ డ్యూటీ కుర్రాడి దగ్గరే ఉండిపోయాను. పై గదిలోంచి ఒకాయన ఇంటర్‌కమ్‌లో ఫోన్ చేస్తాడు, పక్క గదివాళ్లు గోడ కొడుతున్నారు, నిద్రపట్టడం లేదని. కుర్రాడు మర్యాదగా, "చెబుతాను సార్" అంటాడు. పెట్టేశాక రిజిస్టర్ తిప్పుతాడు. కాగితాల చప్పుడు ఆగిపోతుంది. ఆ గది చివరిది. మళ్లీ ఫోన్. "నువ్వే విను" అని ఆయన రిసీవర్‌ని గోడకి ఆనిస్తాడు. మూడు దెబ్బలు. ఆపుతారు. మూడు దెబ్బలు. కుర్రాడు "సార్, గోడ దగ్గర్నుంచి ఇవతలికి రండి" అంటాడు. జవాబు లేదు. "సార్?" అంటాడు. గాలి, కుక్కలు, వయొలిన్లు అన్నీ తీసేశాం. దయ్యానికి ఒక్క డైలాగు కూడా లేదు.

ఎడిటింగ్‌లో ఒక్క చోట గొడవైంది. చివర్లో లైను కట్ అయిన టోన్ పెట్టాలా వద్దా అని. సౌండ్ ఇంజనీరు పెట్టాలన్నాడు, లేకపోతే కథ అయిపోయిందని ఎలా తెలుస్తుందని. నేను ఒప్పుకోలేదు. టోన్ వచ్చిందంటే అవతల ఎవరో ఫోన్ పెట్టేశారని. అది రానంతవరకూ ఆ రిసీవర్ గోడ దగ్గరే ఉంది. గంటసేపు వాదించుకుని, చివరికి టోన్ తీసేసి, గది నిశ్శబ్దాన్ని తొమ్మిది సెకన్లు అలాగే వదిలేశాం.

ఎపిసోడ్ వచ్చిన రోజు ఇద్దరు మెసేజ్ పెట్టారు, చివర్లో ఫైల్ పాడైనట్టుంది, మళ్లీ అప్‌లోడ్ చేయండని.