గొడగూచి పాట తెగనీయొద్దు

అందరికీ నమస్కారం. నల్లగొండ పిల్లలతో సంగీత నాటకం ఆడిద్దామనుకొని మీరు గొడగూచి కథను తీసుకున్నారు. అందుకు ముందుగా మీకు నా అభినందనలు. కాకతీయుల కాలపు పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ముగ్ధభక్తుల, అంటే లోకం తెలియని అమాయక భక్తుల కథలు చెప్పాడు. వాటిలో గొడగూచి అనే చిన్నపిల్ల కథ ఇది. 1369లో భీమకవి ఆ పురాణాన్ని కన్నడంలో రాశాడు. కాబట్టి మన నారాయణపేట, మక్తల్ దిక్కు రెండు భాషల ఇండ్లకు కూడా ఈ నాటకం తీసుకుపోవచ్చు.

కథ మీకు తెలిసిందే. తండ్రి రోజూ గుడిలో శివుడికి పాలు నైవేద్యం పెడతాడు. ఊరికి పోతూ ఆ పని బిడ్డకు అప్పజెప్తాడు. దేవుడు రోజూ తాగుతున్నాడనే ఆమె నమ్మకం. గిన్నె ముందు పెట్టి కూర్చుంటుంది. పాలు అట్లనే ఉంటాయి. ఇక బతిమాలుడు మొదలు.

నాటకానికి గుండెకాయ ఈ ఘట్టమే. పాట రాసే వాళ్లు ఇక్కడ తొందరపడొద్దు. "ఎందుకు తాగుతలేవు సామీ? పాలు చల్లగైనయా? నా మీద కోపమొచ్చిందా? నాయిన ఇస్తేనే తాగుతవా?" ఒక్కో ప్రశ్నకు ఒక్కో చరణం ఇవ్వండి. చరణానికీ చరణానికీ మధ్య పాప ఒకసారి గిన్నెలోకి తొంగిచూడాలి. మొదటిసారి ఆశగా, రెండోసారి అనుమానంగా, చివరికి ఏడుపు ఆపుకుంటూ. భక్తి గురించి పెద్దల మాటలు ఆమె నోట పెట్టకండి. ఆమెకు తెలిసిన భయం ఒక్కటే, నాయిన వచ్చి అడిగితే ఏం చెప్పాలని.

బాణీకి ఎక్కడా వెతకనక్కర్లేదు. సోమనాథుడు రాసింది ద్విపద. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. అంటే నాలుగైదు మాత్రల గణాలు మూడు, చివర మూడు మాత్రలది ఒకటి. ఆ చివరి చిన్న గణం దగ్గర తాళం పడితే పిల్లలు తామే అందుకుంటారు. మన బాగోతంలో వంతపాట ఉన్నట్టే ఇక్కడా పాదం చివరను పిల్లల గుంపు తిరిగి పాడాలి. పెన్‌డ్రైవ్‌లో సంగీతం పెట్టి పెదవులు కదిలించే పద్ధతి మాత్రం వద్దు. హార్మోనియం, మద్దెల, తాళాలు చాలు.

శివుణ్ని ఎట్లా చూపించాలని అడిగారు. జటలు, పాము కట్టిన వేషగాణ్ని తెస్తే పాప మీది చూపు అటు పోతుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఈ ఊరి పిల్లలందరూ చూసిందే. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలిచి ఉంటుంది. బయటి స్తంభాల మధ్య నుంచి వెలుతురు ఎట్లా లోపలికి వస్తుందో లెక్క తెలిసి కట్టిన గుడి అది. మనమూ తెల్లటి తెర మీద ఒక నీడను నిలబెడదాం. పాప ఇక తల బాదుకుంటానని లేచినప్పుడు ఆ నీడ మెల్లగా వంగాలి. మద్దెల ఆగాలి. ఆమె గిన్నె బోర్లిస్తే చుక్క రాలకూడదు. ఇంతకు మించిన మాయ అక్కర్లేదు.

కొందరు తల్లిదండ్రులు పాలు తాగడంతోనే నాటకం ముగించమంటున్నారు. తర్వాతి భాగం పిల్లలకు భయమని వారి ఆలోచన. తండ్రి తిరిగొచ్చి నమ్మడు. నా ముందు తాగించమంటాడు. శివుడు తాగడు. అబద్ధమాడావని తండ్రి మీదికొస్తాడు, బిడ్డ పరుగెత్తి లింగాన్ని కావలించుకొని అందులో ఐక్యమవుతుంది. దీన్ని కోసేస్తే సోమనాథుడి కథ సగమే చెప్పినట్టు. నిజం చెప్పినా పెద్దలు నమ్మని బాధ ప్రతి పిల్లకూ తెలుసు, ప్రేక్షకుల్లో కూర్చున్న చిన్నవాళ్లు ఈ ఘట్టాన్ని మనకంటే బాగా పట్టుకుంటారు. కత్తులు, కొట్టడాలు వద్దు. తండ్రి గొంతు పెరగడమే చాలు. పాప తెర వెనక్కి పోయి నీడలో కలిసిపోతుంది, ఆమె పాడుతున్న పాదాన్ని గుంపు అందుకుంటుంది. పాట తెగనీయొద్దు. తండ్రి కూడా ఆ పాటలోనే గొంతు కలిపి కూలబడాలి. అతణ్ని దుర్మార్గుణ్ని చేయకండి. అతనికీ ఆ బిడ్డే లోకం.

ఇక పాప వేషం. ఎనిమిదేండ్ల పిల్ల చేతే పాడించండి, పెద్ద పిల్లకు గౌను తొడిగి చిన్నదిగా చూపించొద్దు. హార్మోనియం వాయించే పెద్దలు మొదటి రోజే ఆమె గొంతు విని ఆ శ్రుతికే సర్దుకోవాలి. పైస్థాయిలో గొంతు చిట్లితే పాట ఆపి మళ్లీ మొదలుపెట్టించకండి, ఏడుస్తూ పాడే చోట అది తప్పేం కాదు.